సున్నపు గీతలు

ఫొటోలో ఆమె మోచెయ్యి ఒక్కటే మిగిలింది. అది మోచెయ్యి అని కూడా ఎవరికీ తెలియదు. ఎడమ అంచున ఒక గోధుమరంగు ముక్క, దాని కింద నీలం పట్టీ కొస, అంతే. సంగీతకు మాత్రం తెలుసు, ఆ చెయ్యి తనది, ఆ పట్టీ చుక్కల మందు డబ్బాది, ఆ పట్టీ రోజంతా కోసిన భుజం వారమైనా ఇంకా కమిలే ఉంది. మిగతా ఫొటో అంతా గుడిసెలే. వరసగా ఏడు గుడిసెలు, ఏడు తడికల మీద సున్నంతో అడుగెత్తున వేసిన ఇంటూ గుర్తులు. పైన ఎవరో పెట్టిన ప్రశ్న, ఈ గుర్తులు ఎవరివి? కింద రెండు వందల పన్నెండు జవాబులు, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కి రాసినవి. భద్రాచలం బస్టాండు ఎదుట నెట్ సెంటర్లో, నాలుగో నంబరు గదిలో, గది అంటే మూడు ప్లైవుడ్ చెక్కలూ ఒక పూల తెరా, ఆమె కూర్చుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది. గంటకు కట్టిన డబ్బుకు కంప్యూటర్ తెర మూల గడియారం అరవై నిమిషాల నించి వెనక్కి నడుస్తోంది, యాభై ఒకటి, యాభై. నావి, అని అరవాలనిపించింది. ఆ గుర్తులు నావిరా, ఈ వేళ్లతో వేసినవి, ఆ సున్నం నా గోళ్లలో రెండు రోజులు ఉంది, రెండు వందల పన్నెండు మందిలో ఒక్కడికి, ఒక్కడికన్నా, ఆ గుడిసెల్లో ఎవరుంటారని అడగబుద్ధి కాలేదా?

చర్ల రోడ్డు దిగి ఏడు కిలోమీటర్లు లోపలికి, వాగు దాటితే ఆ పదకొండు గుడిసెలు. సరిహద్దు అవతల నించి ఇళ్లు కాలి వచ్చినవాళ్లు. వాళ్లకు రేషను కార్డు లేదు, గుడిసెలకు నంబర్లు లేవు, కాబట్టి సంగీత నర్సుగా పనిచేసే సబ్ సెంటర్ జాబితాలో ఆ పిల్లలే లేరు. జాబితాలో లేని పిల్లలకు జబ్బులు మాత్రం జాబితా చూసి రావు కదా. పోయిన ఏడు తట్టు లేచి ఇద్దరు పోయారు, ఇద్దరినీ ఆ వాగు ఒడ్డునే పెట్టారు, వాళ్ల పేర్లు రాసుకోవడానికి ఆమె రిజిస్టర్లో ఏ గడీ లేకపోతే అట్ట వెనక రాసుకుంది. అందుకే ఈసారి ఎవరూ చెప్పకుండానే పోలియో చుక్కల డబ్బా భుజాన వేసుకుని వెళ్లింది, సోమవారం పొద్దున్న, వెంట ఆఫీసులో కంప్యూటర్ పని చేసే కిషోర్ కెమెరాతో. ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే గోడ మీద పి రాయాలి, ఎవరైనా మిగిలిపోతే ఇంటూ. సుద్దముక్కతో, అంగుళం, తలుపు పక్కన. తలుపులు ఉన్నవాళ్లకు పెట్టిన పద్ధతి అది. తడిక మీద సుద్ద నిలవదు, వెదురు బద్దల సందుల్లో రాలిపోతుంది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని గోదారి లంకల్లో మిరపకాయ ఏరడానికి పోయారు, ఆరు గుడిసెలు ఖాళీ, మళ్లీ రావాలి, వచ్చినప్పుడు ఏది ఏదో తెలియాలి. గుడిసెల ముందు నిలబడి చూస్తున్న ముసలి లచ్చయ్య, వాగు ఇవతలి గూడెం పెద్ద, వీళ్లను ఇక్కడ ఉండనిచ్చింది ఆయనే, తమలపాకు డబ్బీ తెరిచి సున్నం ఇచ్చాడు. చాలకపోతే ఇంటికి పోయి డొప్పెడు తెచ్చాడు. ఆమె వేళ్లు ముంచి పెద్దగా గీసింది. దూరం నించే కనపడాలని. సూపర్వైజర్ జీపు దిగకుండానే చూస్తే చాలని. ఆ గీతలు చూసి ముచ్చటపడింది కూడా, అది తలుచుకుంటే ఇప్పుడు చెంప పగలగొట్టుకోవాలనిపిస్తోంది.

ఏడో గుడిసెలో మనిషి ఉంది. ఉంగి. పిల్లకు ఒళ్లు కాలుతోందని ఏరడానికి పోలేదు. రెండేళ్ల పిల్ల, కళ్లు ఎర్రగా, ముక్కు కారుతూ, దగ్గు. చుక్కల సీసా అప్పటికే అయిపోయింది, జ్వరం మందు డబ్బాలో లేదు. అప్పుడే సంగీతకు అనుమానం వచ్చింది, ఇది తట్టులాగే ఉందని, డాక్టరుతో చెప్పి మందూ కళ్లకు చుక్కలూ తేవాలని. ఉంగి మాట ఆమెకు రాదు, ఆమె మాట ఉంగికి రాదు. తడిక మీద గుర్తు వేసి, ఆ గుర్తును చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, మూడు వేళ్లు చూపించి, బాట వైపు నించి నడిచి వస్తున్నట్టు నడిచి చూపించింది. మూడు పొద్దులు. నేను. వస్తాను. ఉంగి ముందు తెల్లబోయి చూసింది, తరవాత పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి చేట వెనక ఒక గుర్తు వేసింది, ఒక గీత పొడుగు, ఒక గీత పొట్టి, పడిపోబోతున్న కర్రల్లాగా, ఇదేనా అన్నట్టు తలెత్తి చూసి నవ్వింది. సంగీతా నవ్వింది. కిషోర్ అప్పుడే అటు పక్క నించి ఫొటో తీశాడు. ఆ ఫొటోలో సంగీత నిండుగా ఉంది, డబ్బాతో, సున్నం వేళ్లతో. కిషోర్ దాన్ని సాయంత్రం తన ఆర్కుట్ ఆల్బంలో పెట్టుకున్నాడు. పొద్దునకల్లా ఎవడో ఎత్తుకుపోయి ఆమెను కోసేశాడు.

నలభై మూడు. మిగిలింది రెండు జట్లు. ఒక జట్టు బొమ్మల్లో పులులు, జెండాలు. వాళ్లు రాసేది, ఇవి అడవిలో అన్నల రహస్య గుర్తులు, ఏ గుడిసెలో వాళ్లకు అన్నం పెడతారో చెప్పే గుర్తులు, ఈ గుడిసెలవాళ్లు అడవి నరుకుతున్నారు, వెనక్కి తోలాలి. ఇంకో జట్టు బొమ్మల్లో పిడికిళ్లు, కొవ్వొత్తులు. వాళ్లు రాసేది, ఇవి కూలగొట్టడానికి వేసిన గుర్తులు, రేపో మాపో ఈ ఏడిళ్లూ తగలబెడతారు, సాక్ష్యం ఇదిగో. ఎవడికి వాడికి ముందే జవాబు ఉంది, ఫొటో దొరకడమే ఆలస్యం. మధ్యలో ఎవడో ఓటు పెట్టాడు, పంపాలా, ఉంచాలా. రెండే గడులు. పంపాలి నూట నలభై, ఉంచాలి నూట ముప్పై ఏడు. ఆమె బాణం గుర్తును ఆ రెండు గడుల మధ్య తిప్పింది, అక్కడ తెల్లటి ఖాళీ తప్ప ఏమీ లేదు, పిల్లకు జ్వరం తగ్గిందా అని నొక్కడానికి చోటు లేదు. కిషోర్ను నిన్న నిలదీసింది. నీ ఫొటోనే గదా, అసలుది పెట్టి ఇది చుక్కల గుర్తని ఒక్క ముక్క రాయకపోతివేంది? వాడు తల గోక్కున్నాడు. "రాస్తే రెండు దిక్కులోళ్లు నా మీద పడతరు మేడం. నాకు నూటా ఎనభై మంది ఫ్రెండ్స్ ఉన్నరు." నూటా ఎనభై మంది. కలిసి తిన్నట్టు, చచ్చేటప్పుడు మోసినట్టు ఎంత ధీమాగా చెప్పాడు.

మాట ఇచ్చిన ప్రకారం గురువారం వెళ్లింది. డబ్బాలో మంచు కొత్తది, సంచిలో కళ్ల చుక్కలు, విటమిన్ మందు, డాక్టరు రాసిచ్చిన చీటీ. వాగు దాటుతుండగానే తెలిసింది, కోళ్ల చప్పుడు లేదు. పదకొండు గుడిసెలూ ఖాళీ. పొయ్యిల్లో బూడిద. సున్నపు గుర్తుల్ని ఎవరో తడి గుడ్డతో తుడవబోయి తుడవలేక పులిమి వదిలేశారు. ఒక్క ఉంగి తడిక మీది గుర్తు మాత్రం వేసింది వేసినట్టే ఉంది. అప్పుడు ఆ సంగతి ఆమె పట్టించుకోలేదు. వెనక్కి వాగు దాటి వస్తే లచ్చయ్య తన గడప మీద కూర్చుని ఉన్నాడు, ఆమెను చూసి లేవలేదు.

"నిన్న ఇద్దరు పిలగాండ్లు బండి మీద వచ్చిండ్రు బిడ్డా. మంచోళ్లే. చెప్పులు విడిచి వచ్చిండ్రు, బియ్యం మూట గూడ తెచ్చిండ్రు. కాయితం మీద ఫొటో చూపెట్టి, గుర్తున్న ఇండ్లు కాలుస్తరు, దేశమంత తెలిసిపోయింది అన్నరు."

"నేనేసిన గుర్తని నువ్వు చెప్పలేదా, తాతా?"

"చెప్పిన. మా సిస్టరమ్మ రాసింది, నా సున్నమే అన్న. ఫొటోల ఆమె లేదు గదా తాతా అన్నరు."

ఫొటోలో ఆమె లేదు గదా. ఆ మాట నాలుగు రోజుల నించి ముల్లులా దిగి కూర్చుంది. తోలమన్న వాళ్ల మీద కోపం రావడం తేలిక, వాళ్లు ఎట్లాగూ రాళ్లు పట్టుకునే వచ్చారు. చెప్పులు విడిచి, బియ్యం మోసుకుని వచ్చినవాళ్లను ఏమనాలి? ముసలాయన ఎదురుగా ఉన్నాడు, సున్నం డబ్బీ ఆయన మొలలోనే ఉంది, ఆయన మాట కన్నా కాగితం ఎక్కువైంది వాళ్లకు. ఒకసారి కాలిన వాళ్లకు కాలుస్తారని చెప్పి, జాలి చూపించి, బండి తిప్పుకుని పోయారు. పొద్దుగూకక ముందే పదకొండు ఇళ్ల వాళ్లూ గిన్నెలు నెత్తిన పెట్టుకుని కదిలారు, జ్వరం పిల్లతో సహా. ఆ మర్నాడు ఇక్కడ, ఈ తెర మీద, పండగ. పులుల జట్టు రాసింది, తప్పు లేనివాళ్లు ఎందుకు పారిపోతారు? కొవ్వొత్తుల జట్టు రాసింది, చెప్పామా లేదా, ఖాళీ చేయించారు. ఇద్దరూ గెలిచారు. ఖాళీ గుడిసెల ముందు ఇద్దరూ గెలిచారు, ఇద్దరి మాటా నిజమైంది, ఎక్కడికి పోయారని అడిగినవాడు ఇటూ లేడు అటూ లేడు. మూడు రోజులు ఆమె అడిగింది. రేవులో అడిగింది, లంకల్లో మేస్త్రీలను అడిగింది, బస్సుల్లో కండక్టర్లను అడిగింది.

ముప్పై నాలుగు. పైకి జరిపితే శీను భియా కనిపించాడు, చిన్నాన్న బలరాం కాకా కొడుకు, వరసకు అన్న. చేతులు కట్టుకుని మోటారు సైకిల్ మీద కూర్చున్న బొమ్మ. హైదరాబాదులో ఉద్యోగం, పులుల జట్టులో అందరికన్నా పొడుగు జవాబులు అతనివే. బయటి నించి వచ్చినవాళ్లు వచ్చినట్టే పోవాలి, మా ఆదివాసుల అడవి మాకు కావాలి అని రాశాడు. దాని కింద ఇంకెవడో, నువ్వు మాత్రం ఎక్కడి నించి వచ్చావు నాయక్? మీ లంబాడోళ్లు ఎడ్లు తోలుకుంటూ రాలేదా, ముందు నువ్వు సర్దుకో, అన్నాడు. ఆ ముక్క చదవగానే సంగీతకు ఒళ్లు భగ్గుమంది, ఒక్క క్షణం శీను పక్కనే నిలబడి వాడి నోరు మూయించాలనిపించింది, వేళ్లు కీబోర్డు మీద పడ్డాయి కూడా. తమాషా చూడు. ఉంగి కోసం వచ్చి కూర్చుని, తన కులాన్ని అనేసరికి ఉంగిని మరిచిపోయింది. గిట్లనే గదా లాగుతారు, ఒక్కొక్కరినీ ఒక్కొక్క కొసతో.

వచ్చాం. అవ్, వచ్చాం. దేవరకొండ అవతల నించి చందూలాల్ దాదా, అంటే సంగీత తాత, పశువులతో వచ్చి ఏన్కూరు దగ్గర పోడు కొట్టాడు. తాండా పడిన కొత్తలో జనాభా లెక్కల సారు వచ్చి గుడిసె గుడిసెకూ తారుతో నంబరు వేసి పోయాడట. దాదా ఆ రాత్రికి రాత్రి తాండా మొత్తానికి పేడతో అలికించాడట, నంబరు పడితే అడవి నించి లేపేస్తారని. మర్నాడు సారు వచ్చి చూసుకుని నెత్తి కొట్టుకున్నాడట. ఈ కథ చెప్పి ఇంట్లో పెళ్లికీ చావుకూ నవ్వుకుంటారు, నాయనమ్మ గోరి దాదీ అయితే పేడ చెయ్యి ఎట్లా తిప్పిందో చూపిస్తుంది. సంగీతా నవ్వేది. పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ నవ్విన మనిషే సున్నంలో వేళ్లు ముంచి ఏడు గుడిసెల మీద అడుగెత్తు గీతలు గీసింది. ఎక్కడి నించో వచ్చి బిక్కుబిక్కుమంటున్న వాళ్ల ఇంటి మీద గుర్తు పడితే ఏమనుకుంటారో తెలియడానికి చదువు కావాలా, ట్రెయినింగు కావాలా, ఆ పేడ వాసనలోనే గదా తను పుట్టింది.

ఆ కోపంతోనే టైపు చేసింది. ఆ ఇంటూ గుర్తులు నేను వేసినవి, నేను నర్సును, పోలియో చుక్కలు మిగిలిన ఇళ్లకు వేసే గుర్తు అది, మళ్లీ వస్తానని అర్థం, వాళ్లు ఎక్కడున్నారో తెలిస్తే చెప్పండి, ఒక పిల్లకు బాగాలేదు. ఒక్కొక్క అక్షరాన్నీ వెతికి పొడిచింది. కౌంటర్ దగ్గరి నవత తెర పక్కకు లాగి తొంగిచూసింది.

"అక్కా, జర మెల్లగ. ఆ కీబోర్డు నీకేం అన్యాయం చేసింది?"

కాంట్రాక్టు ఉద్యోగం, పేరు రాయొద్దు అనుకుంది, తరవాత పేరు రాసింది. నొక్కింది. రెండు నిమిషాలు కాలేదు, జవాబులు పడ్డాయి. గులాబి పువ్వు బొమ్మ పెట్టుకున్న ఈమె ఇవాళే చేరింది, దొంగ పేరు. పోలియోకు అడుగెత్తు గుర్తులా, మా ఇంటికి సుద్దతో అంగుళం రాస్తారు, అబద్ధమైనా అతికేట్టు చెప్పమ్మా. ఎంత ముట్టింది? కొవ్వొత్తుల జట్టు నించి, పాపం, ఎవరో బెదిరించి రాయించారు, సోదరీ భయపడకు, నీ వెనక మేమున్నాం. వెనక ఎందుకు, ఆమె వెనక ప్లైవుడ్ చెక్క ఉంది, అది చాలు. నిజం చెబితే అది ఎవరి ఖాతాలో పడుతుందో తేలేదాకా అది నిజం కాదు కాబోలు. ఒక్కడూ ఏ పిల్ల అని అడగలేదు. ఏం జ్వరం అని అడగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎడమ గోటితో కుడి గోటి కింద ఇంక లేని సున్నాన్ని గీక్కుంది.

పదిహేడు. లేచి పోదామనుకుంది. పైన కొత్తది వచ్చినట్టు మెరిసింది, శీను భియా పెట్టాడు. చివరికి మా చేలోకే వచ్చారు, చూడండి. కొత్త ఫొటో, ఇవాళ్టిదే, సెలవు మీద ఇంటికొచ్చి సెల్లుతో తీసినట్టుంది, మసకగా. ఎర్రటి మిరపకాయల కల్లం, దాని వెనక మోటారు రూము, రూముకు నీలం తలుపు. ఆ నీలం ఆమెకు తెలుసు. బడికి వేయగా మిగిలిన రంగు డబ్బా తెచ్చి తనూ యాడీ, అంటే అమ్మ, కలిసి వేసిన నీలం అది, కింద రెండు జానలు రంగు చాలక వదిలేసిన తలుపు. పక్కన నులక మంచం గోరి దాదీది. ఏన్కూరు. తమ చేను. శీను రాసింది, మా నాన్న తలుపు మీద కూడా వాళ్ల కోడు గుర్తు వేశారు, ఇంక ఏం కావాలి సాక్ష్యం? తలుపు మీద బొగ్గుతో ఒక ఇంటూ. ఒక గీత పొడుగు, ఒక గీత పొట్టి. పడిపోబోతున్న కర్రల్లాగా.

సంగీత ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి వంగింది. తుడవకుండా వదిలిన తడిక ఒకటి ఉంది కదా. భయపడని మనిషి ఒకతె ఉంది కదా. పదిమందితో పోక తప్పక పోయింది, పోయిన చోట బొగ్గు దొరికిన మొదటి తలుపు మీద తనకు తెలిసిన ఒకే ఒక్క అక్షరం రాసి పెట్టుకుంది. ఆ అక్షరం ఎవరు నేర్పారు? వాళ్లను తోలమని రాసే కొడుకు ఇంటి తలుపు మీదే రాసింది. ఏడుపు రావాల్సిన చోట సంగీతకు పళ్లు కరుచుకున్నాయి. సెల్లు తీసింది.

"లోపల ఫోన్లు మాట్లాడొద్దక్కా," అంది నవత బయటి నించి.

బలరాం కాకా ఎత్తాడు. తాండా మాటలోనే అడిగింది.

"కాకా, మోటారు రూముల ఎవరున్నరు?"

"మిరపకాయ ఏరేటోళ్లు. రేవుల దొరికితే ట్రాక్టర్ల తెచ్చిన. ఎందుకే?"

"వాళ్లను ఎల్లగొట్టాల్నని శీను భియా లోకమంత చాటుతున్నడు, తెలుసా నీకు?"

"ఎల్లగొడితే ఏరేదెవరు, వాడొచ్చి ఏరుతడా? గంట సేపు వంగితే నడుం పట్టుకుంటడు."

"అండ్ల రెండేండ్ల పిల్ల ఉన్నదా?"

కాకా వెనక కల్లంలో ఎవరో దగ్గుతున్న చప్పుడు వినిపించింది. "ఉన్నది. ఒళ్లంత తట్టు లేచింది. కండ్లు తెరుస్తలేదు. దాదీ వేపమండలేసి కూసున్నది. దవాఖానకు తోలకపోదామంటే ఆ తల్లి కదలదు. ఏరుడు గూడ బంద్ వెట్టింది. తలుపు మీద గీత చూపిస్తది, బాట దిక్కు చూస్తది, అంతే. మతి తప్పిందేమో. ఆ గీత జల్దీ తుడిచెయ్యి నాయినా అని శీనుగాడు ఒకటే పోరు, ఇప్పుడే బట్ట తడిపిన."

"చెరపకు కాకా."

"ఏందే?"

"చెరపకు. నేను బయల్దేరుతున్న. పిల్లకు నీళ్లు తాపుతనే ఉండుండ్రి. ఆ గీత నేనొచ్చి చెరిపేది."

డబ్బా పట్టీని కమిలిన భుజం మీదికే ఎక్కించుకుంది. బయట ఏన్కూరు దారిన పోయే కొత్తగూడెం బస్సు హారను కొడుతోంది. వెనక తెర మీద ఇంకా పదకొండు నిమిషాలు ఉన్నాయి.